నల్లమల మీదుగా శ్రీశైలానికి సైకిల్: మన్ననూరు వైపా, దోర్నాల వైపా?

నింపాదిగా_41 | నవంబరు 9, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. మాది హైదరాబాద్, ఎల్బీ నగర్ వైపు. డిసెంబరు మొదటి వారంలో మూడు రోజులు సెలవు పెట్టి సైకిల్ మీద శ్రీశైలం వెళ్లాలని ఉంది. మొదటి రోజు మన్ననూరు, రెండో రోజు శ్రీశైలం, మూడో రోజు శ్రీశైల శిఖరం మీదుగా దోర్నాల దిగి, మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలు. కాగితం మీద బాగానే కనిపిస్తోంది.

సైకిల్ మామూలు హైబ్రిడ్. టైర్లు 38 మి.మీ., డిస్క్ బ్రేకులు, ముందు రెండు పళ్ల చక్రాలకి 46, 30 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్ద చక్రానికి 34. ఇప్పటిదాకా నా ఘనత అనంతగిరి గుట్ట ఒకసారి ఎక్కడం, అదీ చివరి కిలోమీటరు తోసుకుంటూ.

ఒంటరిగా అయితే వద్దని ఇంట్లో షరతు. అందుకని మా బావమరిది వస్తానంటున్నాడు. వాడికి సైకిల్ ఉంది, అలవాటు లేదు.

నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయి? జంతువుల సంగతేంటి? అసలు నేను అనుకున్న దిశ సరైనదేనా, లేక తిరగేసి దోర్నాల నుంచి మొదలుపెట్టాలా?

డిండి_గాలి | నవంబరు 9, రాత్రి 10:31

స్వాగతం అన్నా. దిశ సరైనదే. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఇటు నుంచే.

మొదటి రోజు 140 కిలోమీటర్లు ఉంటుంది. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కొట్ర, వంగూరు గేటు, డిండి, హాజీపూర్, ఆ తర్వాత మన్ననూరు. డిండి దాకా కష్టం అనిపించేది ఎత్తు కాదు, విసుగు. చెట్టు నీడ తక్కువ, పక్కనుంచి కార్లు రయ్యిమని పోతుంటాయి. తెల్లారకముందే బయలుదేరి పదకొండున్నరకి డిండి చెరువు దగ్గర ఉంటే ఆ రోజు గెలిచినట్టే. అసలు ఎక్కుడు హాజీపూర్ దాటాక వస్తుంది, అప్పటికి కాళ్లు 120 కిలోమీటర్లు తొక్కి ఉంటాయి. అందరూ అక్కడే సైకిల్‌ని తిట్టుకుంటారు.

మన్ననూరులో అటవీ శాఖ వసతి ఉంది, శని ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. రెండో రోజు 75 కిలోమీటర్లే. కానీ అదే పెద్ద రోజు.

వీర_పెడల్ | నవంబరు 9, రాత్రి 11:15

బ్రో, మూడు రోజులు ఎందుకు? రాత్రి పదికి హైదరాబాద్‌లో మొదలుపెట్టు, ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు. పొద్దున ఎనిమిదికి దర్శనం. నేనైతే అదే ప్లాన్ చేస్తున్నా.

డిండి_గాలి | నవంబరు 9, రాత్రి 11:22

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది తమ్ముడూ. అటు దోమలపెంట దగ్గర కూడా అంతే. పదికి బయలుదేరినవాడివి ఎంత బాగా తొక్కినా గేటు ముందు చలిలో కూర్చుంటావు.

వీర_పెడల్ | నవంబరు 9, రాత్రి 11:26

సైకిల్‌ని కూడా ఆపుతారా? పొగ లేదు, శబ్దం లేదు కదా.

పెద్దబస్సు | నవంబరు 10, ఉదయం 5:40

శబ్దం లేకపోవడమే చిక్కు నాయనా.

నేను సైకిల్ తొక్కేవాణ్ణి కాదు. మా అబ్బాయి తొక్కుతాడు, వాడి పోరు పడలేక ఇందులో చేరాను. మన్ననూరు ఘాట్‌లోనూ దోర్నాల ఘాట్‌లోనూ కలిపి 26 ఏళ్లు బస్సు నడిపాను, ఇప్పుడు రిటైరయ్యాను. రెండు మాటలు చెప్తాను.

మొదటిది ఎలుగుబంటి. అందరూ పులి పులి అంటారు. పులికి మీరు వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, తప్పుకుంటుంది. ఎలుగు అలా కాదు. తల దించుకుని పుట్ట తవ్వుకుంటూనో రాలిన పండు ఏరుకుంటూనో ఉంటుంది, లోకం పట్టదు. బస్సు అయితే అర కిలోమీటరు నుంచే వినిపిస్తుంది. మీ సైకిలు మలుపు తిరిగి పది అడుగుల దూరంలో ప్రత్యక్షమైతే అది బెదిరి మీద పడుతుంది. అందుకని తెల్లవారుజామున, సాయంత్రం పొద్దు వాలాక అడవిలో ఉండొద్దు. మిగతా వేళల్లో కూడా గుడ్డి మలుపు ముందు గంట కొట్టండి, గట్టిగా మాట్లాడుకోండి. బావమరిది వస్తున్నాడంటున్నారు కాబట్టి మాటలకి లోటుండదు.

రెండోది బస్సు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోస్తాయి. బస్సు ముందు భాగం మిమ్మల్ని దాటిపోయింది, ఇంక భయం లేదు అనుకుంటారు. అప్పుడే వెనక చక్రం మీ మోకాలి దగ్గరికి వస్తుంది. ఎడమ మలుపులో మీరు ఉండేది సరిగ్గా ఆ లోపలి అంచునే. డ్రైవరు అద్దంలో అప్పుడు మీరు కనిపించరు. వెనక బస్సు చప్పుడు వింటే మలుపుకి ముందే మట్టి మీదకి దిగి ఆగండి, పోనివ్వండి. అర నిమిషం పని.

నింపాదిగా_41 | నవంబరు 10, ఉదయం 8:05

అయ్యా, చాలా థాంక్స్. ఈ రెండూ నేనెక్కడా చదవలేదు. నిజం చెప్పాలంటే బరువు తగ్గించాలని సైకిల్ గంట తీసి డ్రాయరులో పడేశాను. ఈ సాయంత్రమే మళ్లీ బిగిస్తాను.

గౌరమ్మ_గేర్లు | నవంబరు 10, మధ్యాహ్నం 1:18

గంట బరువు ఎంతండీ, వంద గ్రాములు? బావమరిది పొట్ట తగ్గించుకోమనండి 😀

నేను చెప్పాల్సింది దిగుడు గురించి. ఎక్కుడుకి అందరూ భయపడతారు, నాకు దెబ్బ తగిలింది దిగుతున్నప్పుడు. ఈగలపెంట దాటాక రోడ్డు కృష్ణ దాకా దిగుతుంది. డ్యామ్ కింద వంతెన దాటి మళ్లీ సున్నిపెంటకి ఎక్కాలి. ఆ దిగుడులో మలుపు మీద మలుపు. నాది పాత టూరింగ్ సైకిల్, రిమ్ బ్రేకులు, వెనక రెండు బ్యాగుల్లో పన్నెండు కిలోలు. భయంతో బ్రేకు వదలకుండా పట్టుకునే దిగాను. సగం దిగేసరికి తుపాకీ పేలినట్టు శబ్దం. రిమ్ము కాలి, ఆ వేడికి ముందు ట్యూబు పేలిపోయింది. అదృష్టం కొద్దీ నెమ్మదిగా ఉన్నాను, కొండ వైపు పడ్డాను. మోచేయి గీసుకుపోయింది. రిమ్మును ముట్టుకుని చూడబోయి వేలు కూడా కాల్చుకున్నాను.

వారం ముందే ఒక షాపులో ప్యాడ్లు మార్పించాను. "ఘాట్‌కి ఇవి చాలు మేడం" అన్నాడు. తర్వాత చూస్తే గాజులా నున్నగా అయిపోయాయి. అయినా తప్పు ప్యాడ్లది ఒక్కటే కాదు, నాది కూడా. పట్టి, పూర్తిగా వదిలి, మళ్లీ పట్టాలి. మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి చల్లారనివ్వాలి. డిస్క్ బ్రేకు వేడికి మీ ట్యూబు పేలదు కానీ ప్యాడ్లు మాడి పట్టు వదులుతాయి, వాసన వస్తే ఆగండి. దిగేటప్పుడు రోడ్డు అంచున నక్కి వెళ్లొద్దు. మీ వరస మధ్యలో ఉంటే మలుపులో ఎవడూ ఓవర్‌టేక్ చేయబోడు.

సీమ_చైను | నవంబరు 10, సాయంత్రం 6:44

మాది నంద్యాల. మీ హైదరాబాదు వాళ్లంతా మన్ననూరు దారి ఒక్కటే నల్లమల అనుకుంటారు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కి చూడండి, దాదాపు 50 కిలోమీటర్లు. మధ్యలో నది దాకా దిగి మళ్లీ ఎక్కే శిక్ష లేదు, ఒకటే పొడుగు ఎక్కుడు. కాలు ఒక లయలో పడిందంటే ఇంక ఆగబుద్ధి కాదు. నా దృష్టిలో నింపాది గారు తిరగేసి వెళ్లడమే మేలు.

ఇంకో దారి ఆత్మకూరు నుంచి బైర్లూటి మీదుగా దోర్నాల. యాభై కిలోమీటర్ల పైమాటే, పెద్ద ఎక్కుళ్లు లేవు, అడవి మాత్రం చిక్కన. మూడోది మా ఊరి దారి, నంద్యాల నుంచి గిద్దలూరు: గాజులపల్లె, పచ్చర్ల, దిగువమెట్ట. రైలు పట్టాలు పక్కనే ఎక్కడో ఒకచోట కలుస్తూ పోతుంటాయి. బొగద దగ్గర మీటరు గేజు కాలం నాటి సొరంగం, దొరబావి పాత వంతెన ఆనవాళ్లు ఉన్నాయి. బ్రిటిషు వాళ్లు 1880లలో కట్టిన లైను అది. వీటి గురించి ఎవడూ ఫొటోలు పెట్టడు, అందుకే ఇంకా బాగున్నాయి.

డిండి_గాలి | నవంబరు 10, రాత్రి 7:30

దోర్నాల ఎక్కుడు బాగుంటుంది, కాదనను. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకి శిఖరానికీ దోర్నాలకీ మధ్య నీళ్ల సమస్య ఉంది. మన్ననూరు వైపు వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట ఉన్నాయి, పాతిక ముప్పై కిలోమీటర్లకి ఒక టీ అయినా దొరుకుతుంది. దోర్నాల వైపు ఎక్కుతూ పోతే రెండింతలు తాగుతాం, దిగుతూ పోతే సగం చాలు. నీళ్లు దొరకని దారిని దిగుడులో పెట్టుకోవడమే తెలివి.

సీమ_చైను | నవంబరు 10, రాత్రి 7:41

ఈ లెక్క ఒప్పుకుంటున్నా. నేను ముందు రోజే మూడు సీసాలు నింపుకుని పోయే రకం కాబట్టి ఆలోచించలేదు.

వీర_పెడల్ | నవంబరు 10, రాత్రి 8:02

సరే, రాత్రి ప్లాన్ క్యాన్సిల్. ఇంకోటి అడుగుతా, తిట్టొద్దు. ఉగాదికి కన్నడ భక్తులు నడిచివచ్చే దారి ఉంది కదా, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. నా దగ్గర ఎంటీబీ ఉంది, కొండబాటల సైకిల్. ఆ దారిలో సైకిల్ మీద పోతే?

సీమ_చైను | నవంబరు 10, రాత్రి 8:15

తిట్టను కానీ వద్దు. అది పులుల అభయారణ్యం లోపలి అడవి. శివరాత్రికీ ఉగాదికీ నడిచే భక్తుల కోసం తెరుస్తారు, మిగతా రోజుల్లో అనుమతి లేకుండా అడుగు పెడితే కేసు. పైగా భీముని కొలను దగ్గర లోయలోకి దిగి కైలాసద్వారం దాకా మెట్లు. నీ ఎంటీబీని నువ్వే భుజాన మోయాలి. దేవుడు కూడా జాలిపడతాడు.

పంతులు_పెంట | నవంబరు 11, ఉదయం 7:12

వటవర్లపల్లి చుట్టుపక్కల కొన్నాళ్లు బడిలో పనిచేశాను. ఒక్క సంగతి. రోడ్డు మీద నుంచి పక్కకి పోయే మట్టిబాటలు చూసి "సూపర్ ట్రెయిల్" అనుకుంటారు చాలామంది సైకిల్ వాళ్లు. వాటిలో కొన్ని చెంచుల పెంటలకి వెళ్లేవి. పెంట అంటే వాళ్ల గూడెం, నాలుగైదు ఇళ్లే ఉండొచ్చు. హెల్మెట్‌కి కెమెరా తగిలించుకుని ఎవరి వాకిట్లోకో దూరడం ఏం పద్ధతి? మీ ఇంటికి ఎవరైనా అలా వస్తే ఊరుకుంటారా? రోడ్డు పక్కన తేనెపట్టు తేనో, చీపుర్లో అమ్ముతుంటే కొనండి, నాలుగు మాటలు మాట్లాడండి.

చైత్ర పౌర్ణమి సమయంలో సలేశ్వరం జాతర రోజులు తప్పించండి. మన్ననూరు దాటాక ఫర్హాబాద్ వైపు బండ్లు బారులు తీరతాయి. ప్లాస్టిక్ సీసాలు కూడా వద్దు, అమ్రాబాద్ వైపు 2024 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ మీద నిషేధం ఉంది. స్టీలు సీసాలు తెచ్చుకోండి.

వీర_పెడల్ | నవంబరు 11, ఉదయం 9:40

డ్యామ్ దాటాక కూడా ఇవే రూల్సా? రెండు రాష్ట్రాలు కదా.

పంతులు_పెంట | నవంబరు 11, ఉదయం 10:20

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చినప్పుడు అంతా ఒకే అభయారణ్యం. 2014 తర్వాత కృష్ణకి ఇటు అమ్రాబాద్, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం. పులికి ఆ సంగతి తెలియదు, ఈదుకుంటూ పోతుంది. మీకు మాత్రం రెండు అటవీ శాఖలు, వేర్వేరు చెక్‌పోస్టులు. దోర్నాల దారిలో కూడా రాత్రి 9 నుంచి 6 దాకా గేటు పడుతుంది. ఏ చెక్‌పోస్టులో ఏమడిగితే అది చెప్పి, వాళ్లు ఆగమంటే ఆగండి.

వేదిక నిర్వాహకుడు | నవంబరు 12, ఉదయం 6:30

ఈ అడవి మీదుగా ఎత్తైన వంతెన రోడ్డు రావాలా వద్దా అన్న వాదన 14 పోస్టులు అయింది. వాటిని వేరే చర్చకి మార్చాను. ఇక్కడ సైకిల్ గురించే రాయండి.

నింపాదిగా_41 | నవంబరు 12, రాత్రి 9:10

గేర్ల మీద ఒక సందేహం. 30/34 చాలా, లేక వెనక ఇంకా పెద్దది వేయించాలా?

గౌరమ్మ_గేర్లు | నవంబరు 12, రాత్రి 9:48

చాలు. లెక్క చూడండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టుకన్నా తక్కువే తిరుగుతుంది, దాదాపు 1.9 మీటర్లు ముందుకి వెళ్తారు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఆరున్నర ఏడు కిలోమీటర్ల వేగం. దానికన్నా నెమ్మదైతే సైకిల్ తూలుతుంది, దిగి తోసుకోవడమే మంచిది. తోసుకోవడం తప్పేం కాదు, నేను ప్రతిసారీ తోస్తాను.

డబ్బులు ఖర్చుపెట్టాలనుంటే కొత్త ప్యాడ్లు, రెండు ట్యూబులు, వెనక ఎర్ర లైటు. పగలు కూడా వెలిగించండి, చెట్ల నీడలో మనం కనబడం.

నింపాదిగా_41 | డిసెంబరు 10, రాత్రి 10:05

వెళ్లొచ్చాం! అందరికీ బాకీ ఉన్నాను, అందుకే వివరంగా రాస్తున్నా.

మొదటి రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు. వెల్దండ దగ్గర బావమరిదికి పిక్క పట్టేసింది. హాజీపూర్ తర్వాత ఎక్కుడులో వాడు సైకిల్‌ని, నన్ను, మా ఇంట్లోవాళ్లందర్నీ తిట్టాడు. (మా ఆవిడ వాడి అక్కే, అది మర్చిపోయాడు.) చీకటి పడుతుండగా మన్ననూరు చేరాం.

రెండో రోజు ఆరు గంటలకి గేటు దగ్గర నిలబడ్డాం. అప్పటికే ఇరవై ముప్పై కార్లు. గేటు ఎత్తగానే అన్నీ ఒక్కసారి దూకాయి. అక్కడున్న వాచర్ మమ్మల్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఇవన్నీ పోనీయండి సార్, బాగా తెల్లారినాక పోండి, అడవి మీదే" అన్నాడు. ఆరున్నర దాటాక కదిలాం. అతను అన్నట్టే తర్వాతి గంటలో మమ్మల్ని దాటినవి ఏడెనిమిది బండ్లే.

ఆ గంట గురించి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మంచుకి రోడ్డు తడిసి నల్లగా ఉంది. ఎండుటాకుల మీద టైరు వెళ్తే చిన్న అప్పడం విరిగిన చప్పుడు. బావమరిది కూడా నోరు మూసుకున్నాడు, అది నేను వాడి పెళ్లిలో కూడా చూడలేదు. అప్పుడు పెద్దబస్సు గారి మాట గుర్తొచ్చి ప్రతి గుడ్డి మలుపుకీ గంట కొట్టడం మొదలుపెట్టాను. టింగ్ టింగ్. "గుళ్లో పూజారిలా ఉన్నావు బావా" అన్నాడు. ఫర్హాబాద్ దాటిన కాసేపటికి ఒక మలుపులో అలాగే కొట్టాను, ముందు పొదలో గుర్రుమన్న శబ్దం. బ్రేకు వేశాం. అడవి పంది, దాని వెనక చారలున్న పిల్లలు అయిదో ఆరో, వరసగా రోడ్డు దాటాయి. చివరి పిల్ల మధ్యలో ఆగి మా వైపు చూసి మళ్లీ పరుగెత్తింది. మేము రెండు నిమిషాలు కదల్లేదు. ఫోను తీయాలని కూడా తోచలేదు.

వటవర్లపల్లిలో ఇడ్లీ. మల్లెల తీర్థం పక్కదారి చూసి మనసు లాగింది కానీ టైము లెక్క వేసుకుని వదిలేశాం. దోమలపెంటలో కోతులు నా హ్యాండిల్ బ్యాగులోంచి అరటిపళ్ల అత్తం లాక్కుపోయాయి, జిప్పు తీసి మరీ. కార్లలోంచి బిస్కెట్లు విసిరేవాళ్ల పుణ్యం ఇది.

డ్యామ్ దిగుడులో నాలుగుసార్లు ఆగాం. మూడోసారి ఆగినప్పుడు మాడు వాసన వచ్చింది, గౌరమ్మ గారూ, మీరు చెప్పకపోతే అది ఏదో లారీదనుకునేవాణ్ణి. వంతెన మీద నిలబడి తలెత్తి చూస్తే డ్యామ్ గేట్లన్నీ మూసి ఉన్నాయి. పోయిన ఆగస్టులో ఇదే చోట కారు అద్దం మీద నీటి తుంపర పడుతుంటే సెల్ఫీ దిగాం. ఇప్పుడు కింద బండల మధ్య పచ్చటి మడుగులు.

సున్నిపెంటకి ఎక్కుడు మధ్యాహ్నం ఎండలో. సగం తోసుకున్నాం. ఒక ఎడమ మలుపుకి ముందు వెనక నుంచి బస్సు చప్పుడు, ఇద్దరం మట్టిలోకి దిగాం. బస్సు తిరిగేటప్పుడు చూశాను. వెనక చక్రం, మేము ఆగకపోతే ఎక్కడ ఉండేవాళ్లమో సరిగ్గా అక్కడ, తెల్లగీత మీద నుంచి వెళ్లింది. డ్రైవరు చెయ్యి ఊపాడు. పెద్దబస్సు గారూ, మీవాళ్లే అయ్యుంటారు.

మూడో రోజు సాక్షి గణపతి దగ్గర ఆగి, "సైకిల్ మీద వచ్చామని కూడా రాసుకో స్వామీ" అని చెప్పుకున్నాం. ఫాలధార పంచధార దగ్గర సీసాలు నింపుకున్నాం. శిఖరం ఎత్తు 2,830 అడుగులు అంటారు, కింద ఊరేమో 1,500 దగ్గర. ఎనిమిది కిలోమీటర్లకి గంటన్నర పైన పట్టింది. పైన నువ్వులు కొని నంది ముందు పోసి, కొమ్ముల మధ్య నుంచి చూశాం. శిఖరం చూస్తే పునర్జన్మ ఉండదంటారు కదా. "ఇంకోసారి ఈ ఎక్కుడు ఉండదంటే చాలు" అన్నాడు బావమరిది.

అక్కడి నుంచి దోర్నాల దాకా తొక్కింది తక్కువ, దొర్లింది ఎక్కువ. డిండి_గాలి అన్న చెప్పినట్టు నీళ్లు సగం మిగిలాయి.

డిండి_గాలి | డిసెంబరు 10, రాత్రి 10:40

చదువుతుంటే మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. పిక్క పట్టేసిన బావమరిది ఇప్పుడెలా ఉన్నాడు?

నింపాదిగా_41 | డిసెంబరు 10, రాత్రి 10:52

నిన్న ఫోన్ చేసి నంద్యాల-గిద్దలూరు రోడ్డు ఎన్ని కిలోమీటర్లని అడిగాడు.

సీమ_చైను | డిసెంబరు 10, రాత్రి 10:55

అరవై దాకా. మా ఇంట్లో దిగమనండి. ఉగ్గాని బజ్జీ తినిపించి పంపిస్తా.

పెద్దబస్సు | డిసెంబరు 11, ఉదయం 5:35

చెయ్యి ఊపినది మావాడెవరో కనుక్కుంటాను. తేదీ, టైము చెప్పండి. గంట మాత్రం తీయకండి.

వీర_పెడల్ | డిసెంబరు 11, ఉదయం 8:20

అన్నా, ఆ గంట ఏ మోడల్?